నురగ

ఆరున్నర. ఆళ్ళగడ్డలో ఎండ ఇంకా గోడలెక్కలేదు గానీ ఉలి చప్పుడు మొదలైంది. టక్. టక్‌టక్. ఒక పందిట్లో మొదలైతే పక్క పందిట్లోంచి ఇంకొకటి అందుకుంటుంది. కాసేపటికి గ్రైండర్ కీచుమంటుంది, ఇక మనిషి మాట వినబడదు. రాతిదుమ్ము లేచి వేపాకు మీద, ఆరేసిన లుంగీల మీద, టీ గ్లాసు అంచు మీద కూర్చుంటుంది. నల్లరాతిని కోస్తే తెల్లదుమ్ము ఎందుకొస్తుందో చిన్నప్పట్నుంచీ అడుగుదామనుకుంటూనే ఉన్నాను.

మా మామ ఈ పూట సుత్తి ముట్టలేదు. పందిరి గుంజ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు, ఎడమకాలు బోర్లించిన బకెట్ మీద పెట్టుకుని. పాదానికి కట్టు. కట్టు మధ్యలో రూపాయి బిళ్ళంత పచ్చని మరక, దాని చుట్టూ గోధుమరంగు అంచు. ఆ మరక పసుపుదా, చీముదా అన్నదాని మీద ఇంట్లో రెండు పార్టీలున్నాయి. పసుపే అంటుంది అవ్వ. అత్త ఏమీ అనదు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది.

ఈ పుండుకు నాలుగు నెలలు. దీపావళి ముందు ఒక సాయంత్రం మామ పని దిగి ఇంట్లోకొచ్చాడు. అన్నం వడ్డించబోతూ అత్త గచ్చు మీద చూసింది. వాకిలి నుంచి పీట దాకా ఎర్రటి అడుగులు, అన్నీ ఎడమకాలివే. చెప్పు విప్పి దులిపితే చింతగింజంత రాతిపెచ్చు కిందపడింది. పొద్దుటి నుంచి దాని మీదే నిలబడ్డాడు, దాని మీదే నడిచాడు. నొప్పి లేదు. పన్నెండేళ్ళ షుగరు పాదాల్లో నరాలను ఎప్పుడో మొద్దుబార్చేసింది. బండను సుత్తితో ఒక్క తట్టు తట్టి, చప్పుడును బట్టి లోపల పగులుందో లేదో చెప్పే మనిషి, తన కాలికింద రాయి ఉన్న సంగతి తెలుసుకోలేకపోయాడు.

మొదట అవ్వ వైద్యం. పసుపు, నూనె, పైన పాత పంచె చింపిన గుడ్డ. మూడు వారాలకీ పుండు మానకపోతే, పండక్కి హైదరాబాదు నుంచి వచ్చిన చదువుకున్న మేనల్లుణ్ణి, అంటే నేను, రంగంలోకి దిగాను. మెడికల్ షాపుకు వెళ్ళి గోధుమరంగు సీసా తెచ్చాను. హైడ్రోజన్ పెరాక్సైడ్. మూత తీసి పుండు మీద పోశాను. బుస్సుమని తెల్లటి నురగ లేచింది. ఇంటిల్లిపాదీ చుట్టూ మూగారు.

"సూసినావా, చెడంతా ఎట్ల పొంగి బయటికొస్తాందో!" అన్నాడు మామ సంబరంగా.

రోజూ పొద్దున, సాయంత్రం పోయమని అత్తకు నేర్పించి నేను బస్సెక్కి వెళ్ళిపోయాను. ఆమె మూడు నెలలు ఒక్క పూట తప్పకుండా పోసింది. రోజూ నురగ లేచింది. పుండు మాత్రం ఉన్న చోటే ఉంది, పైపెచ్చు అంచులు గట్టిపడి రాతికి చెక్కిన గుంటలా తయారైంది.

అందుకే ఈ రోజు నంద్యాల ప్రయాణం.

బస్సు కిటికీ పక్కన మామ, ఆయన కాలికి అడ్డం లేకుండా సంచీలు ఒళ్ళో పెట్టుకుని నేను. కర్నూలు, కడప కలిపే నలభయ్యో నంబరు జాతీయ రహదారి. కుడిపక్క నల్లమల మనతోపాటే కదులుతుంది, ఎక్కడా తెగదు. ఎడమపక్క నల్లరేగడి, కేసీ కాలువ పారకం కింది పొలాలు. మాఘమాసం కాబట్టి శనగ పీకేస్తున్నారు. మామకు అవేవీ పట్టలేదు. పక్క సీటాయనతో అహోబిలం పార్వేట సంగతి మాట్లాడుతున్నాడు. కనుమ నాడు కొండ దిగిన స్వామి దాదాపు నలభై రోజులు పల్లెపల్లె తిరుగుతాడు, చెంచులక్ష్మితో తన పెళ్ళికి రమ్మని పిలవడానికి. "ఈసారి పల్లకీ దగ్గరికి నేను పోల్యాకపోతి" అంటున్నాడు మామ. కాలు బాగుంటే భుజం పట్టే మనిషి.

ఉన్నట్టుండి బస్సంతా ఒక వాసన. పచ్చిగా, మట్టిగా, కొంచెం ఘాటుగా. రోడ్డు పక్క కళ్ళంలో పసుపు వండుతున్నారు. పెద్ద పాత్రలోంచి ఆవిరి మబ్బులా లేస్తోంది. ఉడికిన కొమ్ములను తట్టలతో తెచ్చి నేల మీద పరుస్తున్నారు. ఆడవాళ్ళ చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. ఇక్కణ్ణుంచి దక్షిణంగా ఇదే రోడ్డు మీద పోతే మైదుకూరు. ఆ ఊరి పేరు పెట్టుకున్న పసుపు రకమే ఒకటుంది.

"ఇంత పసుపు పండే దేశంలో నా కాలు మానదంటే ఎట్లరా అల్లుడా?" అన్నాడు మామ.

అది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. పసుపు గాయం మాన్పుతుందన్న నమ్మకం కోసం మన దేశం కోర్టులాంటి చోట పోట్లాడి గెలిచింది కూడా. 1995 మార్చిలో అమెరికా పేటెంటు కార్యాలయం, గాయాలు మాన్పడానికి పసుపు వాడే పద్ధతి మీద మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి 5401504 నంబరు పేటెంటు రాసిచ్చింది. శాస్త్రవేత్త మాషెల్కర్ నాయకత్వంలోని మన శాస్త్ర పరిశోధనా మండలి సీఎస్ఐఆర్ దాన్ని సవాలు చేసింది. సంస్కృత గ్రంథాలు మొదలుకొని 1953లో భారత వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసం దాకా 32 ఆధారాలు చూపించింది. 1997లో పేటెంటు రద్దయింది. పేపర్లు పండగ చేసుకున్నాయి, చేసుకోవాల్సిందే. అయితే ఆ కేసులో తేలింది ఒక్కటే, ఆ వాడకం పాతదని. పసుపు అద్దితే పుండు నిజంగా మానుతుందా అన్నది అక్కడ ఎవరూ తేల్చలేదు, అది ఆ కేసు ప్రశ్నే కాదు. మనం మాత్రం రెండూ గెలిచామనుకున్నాం.

మామకు ఇదంతా చెప్పలేదు. కిటికీలోంచి ఒక మంచె కనబడితే ఇద్దరం దాని వైపు చూశాం. అడవి పందులు దిగకుండా రాత్రిళ్ళు కాపలా కాసే మంచె. కింద కాలి ఆరిన కట్టెలు, చుట్టూ తొక్కుడు పడిన పైరు. పందులు తొక్కిందెంతో, వాటిని తరిమినవాళ్ళు తొక్కిందెంతో చూస్తే తెలియదు.

నంద్యాలలో దిగేసరికి తొమ్మిదిన్నర. ఆటో. ఆస్పత్రి. కట్లు కట్టే గది బయట బల్ల మీద అన్నీ పాదాలూ చేతులే, వాటి వెనక మనుషులు. తుమ్మముల్లు విరిగి లోపలే ఉండిపోయిన మడమ. పాలు పొంగి కాలిన ముంజేయి. తలుపు తెరిచినప్పుడల్లా బెటాడిన్ వాసన, దాని కింద పుండు వాసన. ఆ రెండో వాసన ఒకసారి ముక్కుకెక్కితే మధ్యాహ్నం అన్నం దాకా వెంట వస్తుంది.

లోపలికి పిలిచారు. మామ బల్ల మీద పడుకున్నాడు. సిస్టరు కట్టు విప్పుతోంది. పైన నాలుగు చుట్లు సులువుగానే వచ్చాయి. ఆఖరి గుడ్డ రాలేదు, పుండుకు అతుక్కుపోయింది. ఇంట్లో అయితే అత్త పళ్ళు బిగించి ఒక్క లాగు లాగుతుంది. ఇక్కడ సిస్టరు ఆగింది. సెలైన్ సీసా తెరిచి గుడ్డ మీద సన్నగా ధార పోసింది. మళ్ళీ పోసింది. అర నిమిషం, నిమిషం. గుడ్డ నానింది. ఒక మూల పట్టి చర్మం వెంబడే మెల్లగా మడిచినట్టు ఎత్తింది.

"ఇంట్లో ఎండిపోయిన గుడ్డ పీకుతారు కదూ?" అన్నాడు డాక్టరు, అప్పుడే లోపలికొస్తూ. చేతికి తొడుగులు వేసుకుంటున్నాడు. "ఆ గుడ్డతోపాటు కొత్త చర్మం కూడా వచ్చేస్తుంది. రాత్రంతా ఒళ్ళు నేసింది పొద్దున్నే చింపేస్తున్నట్టు."

నూలుగుడ్డ మీద నింద వేయడానికి ఇది కొంచెం ఇబ్బందికరమైన ఊరు. 1906లో మొదలైన వ్యవసాయ పరిశోధనా స్థానం ఇక్కడే ఉంది, నరసింహ అనే పత్తి రకం పుట్టింది ఇక్కడే. కానీ సంగతి నిజం. 1962లో జార్జ్ వింటర్ అనే ఇంగ్లండు పరిశోధకుడు పంది పిల్లల వీపు మీద చిన్న చిన్న గాయాలు చేసి, కొన్నింటిని గాలికి వదిలేశాడు, కొన్నింటి మీద పాలిథీన్ పొర కప్పాడు. గాలికి వదిలినవి ఎండి పక్కు కట్టాయి. పొర కింద తడిగా ఉన్నవాటి మీద కొత్త చర్మం దాదాపు రెండింతల వేగంతో పాకింది. గాయాన్ని ఆరబెట్టాలి, గాలి తగలాలి, పక్కు కడితే మంచిది అని మనింట్లో చెప్పిన ప్రతి మాటా ఆ పందిపిల్లల వీపు మీద తలకిందులైంది. పక్కు అడ్డం ఉంటే కొత్త చర్మపు కణాలు దాని కింద తడి ఉన్న చోటు వెతుక్కుంటూ సొరంగం తవ్వినట్టు పోవాలి. తడి ఉంటే తిన్నగా జారుకుంటూ పోతాయి.

ఇప్పుడు పుండు కనబడుతోంది. బొటనవేలి మొదట్లో, అరికాలు బరువంతా పడే చోట. చుట్టూ కాయ కాసిన తెల్లటి అంచు. లోపల తెల్లగా, పసుప్పచ్చగా పాచిలాంటి పొర. దాని సందుల్లోంచి అక్కడక్కడ ఎర్రకండ.

డాక్టరు జేబులోంచి పెన్నులాంటిది తీశాడు. దాని కొసన నైలాన్ పోగు. పది గ్రాముల బరువుకు వంగేలా చేసిన పోగు. "కళ్ళు మూసుకోండి. తగిలినప్పుడు చెప్పండి." వేలి కింద ఆనించాడు, పోగు విల్లులా వంగింది. మామ మాట్లాడలేదు. ఇంకో చోట. మాట్లాడలేదు. మడమ దగ్గర "ఆ" అన్నాడు. తర్వాత డాక్టరు ఎక్కడా ముట్టుకోకుండా ఊరికే నిలబడ్డాడు. "ఆ, ఇప్పుడు" అన్నాడు మామ. సిస్టరు నా వైపు చూసింది.

తర్వాత కత్తి. చచ్చిన చర్మం, గట్టిపడిన అంచు, తెల్లటి పాచి పొరలు పొరలుగా తీసేస్తున్నాడు. మామకు నొప్పి లేదు, అదే భయం. మోచేతుల మీద లేచి చూస్తున్నాడు. కాసేపు ఊరుకుని ఇక ఉండబట్టలేక అన్నాడు: "సార్, తప్పుగా అనుకోవద్దు. ఇంగ రోంత ఏటవాలుగా పట్టుకోండి. నిట్టనిలువున పెడితే గుంట పడ్తాది."

డాక్టరు చెయ్యి ఆపి చూశాడు. నవ్వాడు. ఏటవాలుగా పట్టుకున్నాడు.

సన్నటి నెత్తురు చెమర్చింది. చెమర్చినందుకు అందరికీ ఊరట. నెత్తురు అందుతున్న చోట కండ పడుతుంది. "ఇన్నాళ్ళూ దీని మీద ఏం పోశారు?" అని అడిగాడు.

మామ నన్ను చూపించాడు. నేను సీసా పేరు చెప్పాను. నురగ సంగతి కూడా చెప్పాను. నురగ రావడం మంచిదే కదా అన్నాను.

ఆయన సిస్టరుతో ఏదో చెప్పాడు. ఆమె స్టీలు పళ్ళెంలో రెండు గాజ్ ముక్కలు పెట్టింది. ఒకటి కొత్తది. ఇంకొకటి ఇప్పుడు పుండు తుడిచింది, నెత్తుటి మరకతో. అదే గోధుమరంగు సీసా, రెండింటి మీదా చెరో నాలుగు చుక్కలు. కొత్త గుడ్డ ఊరికే తడిసింది. నెత్తుటి గుడ్డ మీద తెల్లగా నురగ ఉబికింది, చిటపటమని సన్నటి చప్పుడు కూడా వినిపించింది.

"చీమును చూసి నురగ రాలేదు" అన్నాడు ఆయన. "నెత్తురు చాలు. మీ మామ నెత్తుట్లో, కండలో కాటలేజ్ అని ఒక ఎంజైము ఉంటుంది. పెరాక్సైడ్ కనబడితే చాలు, నీళ్ళుగా, ఆక్సిజన్‌గా విరగ్గొట్టేస్తుంది. ఒక్కో అణువు సెకనుకు లక్షల పెరాక్సైడ్ అణువుల్ని. ఆ ఆక్సిజన్ బుడగలే నువ్వు చూసిన నురగ. అంటే ఏంటి? మీరు రోజూ విషం పోశారు, ఒళ్ళు రోజూ విరుగుడు తీసింది. మీరు విరుగుడును చూసి మందు పనిచేస్తోందనుకున్నారు."

నేను పళ్ళెం వైపే చూస్తూ నిలబడ్డాను. నురగ అణిగిపోయింది.

మన ఒంట్లోనూ పెరాక్సైడ్ పుడుతుందన్నది ఈ కథలో సగం. గాయమైన కాసేపటికే తెల్లకణాలు అక్కడికి పరుగెత్తుతాయి. సూక్ష్మజీవుల మీద సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్, ఆఖరికి బ్లీచింగ్ నీళ్ళలో ఉండే ఆమ్లంలాంటిదాన్ని కూడా చల్లుతాయి. అది అవసరం. ఆ చల్లే యంత్రాంగమే పుట్టుకతో లేని పిల్లలుంటారు, మామూలు బూజు సోకినా వాళ్ళ ప్రాణం మీదికొస్తుంది. 2009లో జీబ్రా చేప పిల్లల తోక కత్తిరించి చూసినవాళ్ళు ఇంకో సంగతి కనిపెట్టారు. తెగిన అంచు దగ్గర పుట్టిన కొద్దిపాటి పెరాక్సైడే తెల్లకణాలకు ఇటు రమ్మని పిలుపు. కాబట్టి ఆక్సీకరణాన్ని శత్రువుగా, యాంటీఆక్సిడెంట్‌ను దేవుడిగా చూపించే సీసా లేబుళ్ళను నేను నమ్మను. మొదటి రోజునే అంతా చల్లార్చేస్తే పందులు దిగుతాయి.

చిక్కంతా వచ్చినవాళ్ళు వెళ్ళకపోతేనే. మామూలు గాయంలో నాలుగైదు రోజులకు కాపలాదారులు దివిటీలు ఆర్పుకుని పోతారు, నాట్లు వేసేవాళ్ళు వస్తారు. షుగరున్న కాలిలో అలా పోరు. ఎక్కువైన చక్కెర ప్రోటీన్లకు అతుక్కుని వాటిని చెడగొడుతుంది. కణాల లోపలి విద్యుత్ కేంద్రాలు, మైటోకాండ్రియాలు, సూపరాక్సైడ్‌ను కారుస్తూనే ఉంటాయి. సన్నటి రక్తనాళాలు దెబ్బతిని సరఫరా సరిగా ఉండదు. విరుగుడు ఎంజైములు చాలవు. మంట ఆరదు, కండను కోసే ఎంజైములు పేట్రేగిపోయి ఒక పక్క పడిన కొల్లాజెన్‌ను ఇంకో పక్క తినేస్తాయి. నాలుగు నెలలుగా మా మామ పుండులో పందులు వెళ్ళిపోయాక కూడా మంచె కింద మంటలు మండుతూనే ఉన్నాయి. వాటి మీద నేను సీసా తెచ్చి ఆజ్యం పోశాను.

డాక్టరు అల్మారా తీసి పలచటి కవరు చించాడు. లోపల కాగితంలాంటి తెల్లటి రేకు. కొల్లాజెన్ రేకు. కత్తెరతో పుండు ఆకారానికి కత్తిరించి, సెలైన్‌లో తడిపి, గుంటలో పరిచాడు. నెత్తుటి చెమ్మ తగలగానే అది మెత్తబడి, అంచుల దగ్గర పారదర్శకమై, అడుగుకు అతుక్కుంది. ఒంట్లోని ప్రోటీన్లలో మూడో వంతు దాకా కొల్లాజెనే. కొత్త కణాలు పాకడానికి అది పందిరి. తినేసే ఎంజైములకు ఎర కూడా అదే, దీన్ని తింటూ అవి కొత్తగా పడే కండను కాస్త వదిలేస్తాయి.

"దీంట్లో పసుపు కలపరా?" అని అడిగాను. మామ బస్సులో అడిగిన ప్రశ్నకు బాకీ తీర్చాలని.

"కలిపారు. చెన్నైలో" అన్నాడు.

చెన్నై అడయారులో ఉన్న కేంద్రీయ తోలు పరిశోధనా సంస్థలో. తోలు వాళ్ళకు పుండుతో పనేమిటి అనుకోవద్దు, తోలంటే కొల్లాజెనే కదా. పసుపులో పచ్చదనమిచ్చే కర్‌క్యుమిన్‌ను కొల్లాజెన్ పొరల్లో ఇమిడ్చి, ఎలుకల గాయాల మీద వేసి చూశారు, 2004లో ఫలితాలు ప్రచురించారు. పొరలోంచి కర్‌క్యుమిన్ నెమ్మదిగా దిగుతూ ఫ్రీ రాడికల్స్‌ను పట్టుకుంది. ఉత్త కొల్లాజెన్ వేసిన వాటికన్నా గాయాలు బాగా మూసుకున్నాయి.

అయితే అవ్వ అద్దిన పసుపు ఎందుకు పనిచేయలేదు? దీనికి జవాబు మనింటి కుంకుమ భరిణెలో ఉంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది, హారతి పళ్ళెంలో ఎర్రనీళ్ళు కలిపే ప్రతి ఆడమనిషికీ తెలుసు. క్షారం తగిలితే కర్‌క్యుమిన్ మారిపోతుంది. అంతటితో ఆగదు, విరిగిపోతుంది. నెత్తురంత క్షారగుణం ఉన్న ద్రావణంలో, ఒంటి వేడి దగ్గర, ఉత్త కర్‌క్యుమిన్ అరగంటలో నూటికి తొంభై వంతులు నాశనమవుతుందని 1997లోనే కొలిచారు. పాతపుండు సాధారణంగా క్షారం వైపే మొగ్గుతుంది. పైగా అది నీళ్ళలో కరగదు. పసుపు పొడిలో కర్‌క్యుమిన్ ఉండేదే నూటికి మూడు నాలుగు వంతులు, మిగతాది ఎక్కువగా పిండి, పీచు, వాటితోపాటు అంటుకొచ్చే మట్టి, మట్టిలోని సూక్ష్మజీవులు. బజారు పసుపైతే రంగు కోసం కలిపే సీసం ఉప్పు కూడా ఉండొచ్చు. అవ్వ చేతిలో పసుపు గుడ్డకు రంగు పట్టింది, లోపలికి దిగలేదు. ప్రోటీన్ల పక్కన ఉంటే కర్‌క్యుమిన్ అంత తొందరగా విరగదు. కొల్లాజెన్ పొర చేసేదీ అదే. దాన్ని కాపాడుకుంటూ, కొంచెం కొంచెంగా వదులుతుంది. కట్టులో అసలు పనితనం మందులో కన్నా ఆ పట్టి ఉంచడంలోనే ఉందని నాకనిపిస్తుంది.

వేరేచోట వేరే దారులు పట్టారు. చికాగో పక్కనున్న నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో గిలెర్మో అమీర్ బృందం, నిమ్మకాయ పులుపైన సిట్రిక్ ఆమ్లాన్ని ముడిసరుకుగా తీసుకుని ఒక జెల్ చేసింది. చల్లగా ఉన్నప్పుడు నీళ్ళలా పోసుకోవచ్చు, ఒంటి వేడి తగలగానే గుంట ఆకారంలో గడ్డకడుతుంది. దానికి యాంటీఆక్సిడెంట్ గుణం వేరే కలపనక్కర్లేదు, ఆ పదార్థానికే ఉంది. చర్మకణాలను పిలిచే ఒక ప్రోటీన్ ముక్కను దానికి తగిలించి షుగరున్న ఎలుకల గాయాల మీద వేస్తే, బజారులో దొరికే ఒక కట్టు కన్నా మూడో వంతు ఎక్కువ వేగంగా అవి మూసుకున్నాయని 2018లో చెప్పారు. మళ్ళీ ఎలుకలే. ఎలుక చర్మం మానేటప్పుడు ముడుచుకుపోయి గాయాన్ని లాగి మూసేస్తుంది, మనిషి పాదం అలా ముడుచుకోదు. ఎలుక తన పుండు మీద ఎనభై కిలోల బరువేసి రోజంతా నిలబడదు కూడా.

"మరి ఇప్పుడు దొరికేది?"

"తేనె" అన్నాడు డాక్టరు. "ట్యూబులో వస్తుంది. గామా కిరణాలతో శుద్ధి చేసింది. వచ్చేవారం చూసి అవసరమైతే వేద్దాం."

మామ తల ఎత్తాడు. "చెంచోళ్ళు తెచ్చే తేనె ఇంట్లో ఉంది సార్. సుద్దమైంది."

"అది తినండి. కాదు, షుగరు కదా, అది కూడా వద్దు."

నల్లమల తేనె మంచిదే. కానీ అడవి తేనెలో నిద్రపోతున్న సూక్ష్మజీవుల బీజాలుంటాయి, తెరిచిన పుండులో అవి మేలుకుంటే కష్టం. తేనెది తమాషా అయిన స్వభావం. పుండు తడిలో పలచబడగానే దానిలోని ఒక ఎంజైము కొంచెం కొంచెంగా పెరాక్సైడ్ పుట్టిస్తుంది, సూక్ష్మజీవులను చంపేటంత, కణాలను పెద్దగా బాధపెట్టనంత. అదే సమయంలో పువ్వుల నుంచి వచ్చిన పాలీఫినాల్స్ ఆక్సీకరణాన్ని పట్టి లాగుతాయి. రెండు పక్కలా ఆడుతుంది.

రేకు మీద తడిపిన గాజ్, దాని మీద పొడి గాజ్, పైన చుట్టుకట్టు. చివర ముడి లేదు, ప్లాస్టరు. ఇంతా అయ్యాక డాక్టరు కుర్చీ లాక్కుని మామ తల దగ్గర కూర్చున్నాడు, అసలు మాట ఇప్పుడు చెబుతున్నట్టు.

"పెద్దాయనా, ఏ కట్టు కట్టినా ఈ కాలు కింద మోపితే లాభం లేదు. పసుపు పొర వచ్చినా, అమెరికా జెల్ వచ్చినా అంతే. అడుగు వేసిన ప్రతిసారీ లోపల నలిగిపోతుంది. కాలు మోపొద్దు. షుగరు దించాలి. చెప్పు నేను రాసిచ్చినదే వేసుకోవాలి. రోజూ రాత్రి అరికాలు ఇంకొకరు చూడాలి."

"ఎన్నాళ్ళు?"

"మానేదాకా."

మామ లెక్కలు వేసుకుంటున్నాడని ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఒప్పుకున్న విగ్రహాలు, తీసుకున్న అడ్వాన్సు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ లెక్క ప్రకారం దేశంలో షుగరున్నవాళ్ళు 10 కోట్ల 10 లక్షలు. వాళ్ళలో ఎంతమంది కూర్చుని చేసే పని చేస్తున్నారో ఆ లెక్కలో లేదు.

తిరుగు బస్సులో మామ నిద్రపోయాడు. కళ్ళంలో పసుపు ఇంకా ఆరుతోంది, మధ్యాహ్నపు ఎండకు నేలంతా పచ్చగా మెరుస్తోంది. కొండ ఈసారి ఎడమవైపు వచ్చింది.

ఇంటికొచ్చేసరికి ఉలి చప్పుడు మళ్ళీ ఊపందుకుంది. అవ్వ కట్టు చూసి "పసుపు ఎయ్యలా?" అంది. నేను ఏదో సర్దిచెప్పబోతే అత్త అడ్డమొచ్చి "లోపల్నే ఉందంటలేత్తా" అని అబద్ధమాడింది. అవ్వ తృప్తిగా తలాడించింది. గోధుమరంగు సీసా కిటికీలో ఉన్నచోటే ఉంది. అత్త దాన్ని తీసి మూత బిగించి నా సంచీ పక్కన పెట్టింది, ఏమీ అనకుండా.

బకెట్టు ఎవరో స్నానానికి పట్టుకుపోయారు. కాలు ఎత్తుగా పెట్టుకోవడానికి మామ అటూ ఇటూ చూశాడు. పక్కనే మోకాలెత్తు నల్లబండ, ఇంకా ఉలి తగలనిది. కాలు దాని మీద ఆనించాడు.

"అయ్యో, సామి రాయి మీద కాలా!" అంది అవ్వ.

"ఇంగా సామి కాలేదులేమ్మా. రాయే."

అన్నాడే గానీ, వంగి చూశాడు. బండ మీద నిన్ననే ఎర్రజాజుతో గీసిన గీతలున్నాయి. నడుము, దాని పైన భుజాలు, ఇంకా పైన కిరీటం అంచు. మామ కాసేపు ఆ గీతల వైపు చూశాడు. రెండు చేతులతో కాలిని పట్టుకుని జాగ్రత్తగా ఎత్తి పక్కకు తీశాడు, నేల మీద మోపకుండా గాలిలోనే పట్టుకున్నాడు.

"అల్లుడా" అన్నాడు, "ఆ గోనెసంచిలో రాతిపొడి నింపుకొని రారా."